మునిగేది పార్కుల బిజినెస్సా, మధ్యలో ఉన్నవాడా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివా. మేరీల్యాండ్‌లో ఉండే మీ అక్క వాళ్ళు పిల్లల్ని తీసుకెళ్ళే సిక్స్ ఫ్లాగ్స్ అనే అమ్యూజ్‌మెంట్ పార్కు మూసేశారు, ఆవిడ అక్కడ బాధపడుతోంది, ఇక్కడ మీ మావయ్యేమో షాద్‌నగర్ అవతల తనకున్న ఆరెకరాల్లో వాటర్ పార్క్ పెడదాం నువ్వూ ఓ 30 లక్షలు వెయ్యి అంటున్నాడు, ఇంతకీ ఈ అమ్యూజ్‌మెంట్ పార్కుల బిజినెస్ పడిపోతోందా లేక రూపం మార్చుకుంటోందా అనే కదా. కొంచెం పెద్దగానే చెప్తా, టీ పెట్టుకుని కూర్చో.

మాది నరసరావుపేట పక్కన పల్లెటూరు. కోటప్పకొండ తిరనాళ్ళకి జెయింట్ వీల్ తెచ్చేవాళ్ళ దగ్గర జనరేటర్ చూసే కుర్రాడిగా మొదలుపెట్టా, తర్వాత వాళ్ళతోనే నాంపల్లి నుమాయిష్‌కి వచ్చి రెండు సీజన్లు కొలంబస్, బ్రేక్ డాన్స్ అనే రైడ్లు నడిపా, అక్కణ్ణుంచి సిటీ బయట ఒక పార్కులో మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్, చివరికి అదే పార్కులో ఆపరేషన్స్ మేనేజర్. మొత్తం 22 ఏళ్ళు. ఇప్పుడు పిలిచినవాళ్ళకి రైడ్లు చెక్ చేసి రిపోర్ట్ రాసిస్తుంటా. కాబట్టి ఇది షేర్ మార్కెట్ వాడి మాట కాదు, గ్రీజు చేతుల మాట.

ముందు సూటిగా: పడిపోవట్లేదు. కానీ "మారుతోంది" అని ఊరుకుంటే సగమే చెప్పినట్టు, ఎందుకంటే మారేవాడు ఒకడు, ఆ మార్పుకి చచ్చేవాడు ఇంకొకడు. పెద్ద పార్కులు ఇంకా పెద్దవవుతున్నాయి, మాల్‌లో ఉండే బుల్లివి వాటి మానాన బతుకుతున్నాయి, ఈ రెండింటికీ మధ్యలో నాలుగు స్లైడ్లు ఒక వేవ్ పూల్ (మోటార్లతో అలలు లేపే కొలను) ఒక రెయిన్ డాన్స్ పెట్టుకున్నవే ఒక్కొక్కటీ గేటుకి తాళం వేసుకుంటున్నాయి. మీ మావయ్య పెడదామనుకునేది సరిగ్గా ఆ మధ్యలోదే, అదీ నా భయం.

మీ అక్క సంగతి చూద్దాం. సిక్స్ ఫ్లాగ్స్, సెడార్ ఫెయిర్ అని అక్కడ రెండు పెద్ద కంపెనీలు, 2024 జూలైలో కలిసిపోయాయి, కలిశాక చేతిలో 42 పార్కులు. కలిసినప్పుడు ఎవరైనా ముందు చేసే పని ఏంటి, ఏది సరిగ్గా సంపాదించట్లేదు, దేని కింద నేల బంగారం అని చూడ్డం. మేరీల్యాండ్ పార్కు దాదాపు 500 ఎకరాలు, వాషింగ్టన్ పక్కనే. 2025 నవంబర్ 2న ఆఖరి రోజు నడిపి మూసేశారు, నేల అమ్మకానికి. బే ఏరియాలో మనోళ్ళు ఎక్కువగా వెళ్ళే గ్రేట్ అమెరికా ఉంది చూడు, సాంటా క్లారాది, దాని నేలని 2022లోనే ప్రోలోజిస్ అనే గోదాముల కంపెనీకి అమ్మేశారు, ఇప్పుడు లీజు మీద నడుస్తోంది. అదే 2025 మే 22న ఆర్లాండోలో యూనివర్సల్ వాళ్ళు ఎపిక్ యూనివర్స్ అని ఏకంగా కొత్త పార్కే తెరిచారు. ఒకే ఏడాదిలో ఒకటి మూత, ఒకటి మొదలు. పడిపోయే బిజినెస్‌లో బిలియన్ల డాలర్లు ఎవడు పోస్తాడు చెప్పు.

అసలు అమెరికాలో ఈ బిజినెస్ ఒకసారి చచ్చి బతికింది. వంద ఏళ్ళకి పైమాటే, అక్కడ ట్రామ్ కంపెనీలు ఆదివారం ట్రామ్‌లు ఖాళీగా తిరుగుతున్నాయని లైను చివర పార్కులు పెట్టాయి, టికెట్ కొని ట్రామ్ ఎక్కి వస్తారని. కార్లు వచ్చాయి, ట్రామ్‌లు పోయాయి, 1930ల మాంద్యం వచ్చి పడింది, వందల పార్కులు పోయాయి. 1955లో డిస్నీలాండ్ వచ్చాక మళ్ళీ కొత్త లెక్క మొదలైంది. ఆ ట్రామ్ కాలం పార్కు చూడాలంటే పిట్స్‌బర్గ్‌లో కెన్నీవుడ్ ఉంది, 1898 నాటిది, ఇప్పటికీ నడుస్తోంది. వెంకన్న గుడికి పిట్స్‌బర్గ్ వెళ్ళేవాళ్ళు చాలామంది ఉంటారు, ఈసారి వెళ్తే అదీ చూడమను మీ అక్కని.

మన దగ్గరకొస్తే, మూతపడ్డ పార్కుల్లో జనం రాక మూతపడ్డది ఎంత అని నేను ఎప్పుడూ అడుగుతా. ఢిల్లీ అప్పూ ఘర్ తీసుకో. 1982 ఏషియన్ గేమ్స్ ఏనుగు పిల్ల పేరు పెట్టారు, 1984 నవంబర్‌లో తెరిచారు, ప్రగతి మైదాన్‌లో. 2008లో మూసేశారు, పిల్లలు రావట్లేదని కాదు, ఆ స్థలం సుప్రీంకోర్టు విస్తరణకి, మెట్రోకి కావాల్సొచ్చి. మనకి మంగళగిరి పక్కన చినకాకాని హాయ్‌ల్యాండ్, మా గుంటూరు వైపు పిల్లలకి అదే డిస్నీల్యాండ్ అప్పట్లో, అది అగ్రిగోల్డ్ కేసులో ఇరుక్కుంది, ఈడీ అటాచ్ చేసిన ఆస్తుల్లో అదొకటి. అక్కడ స్లైడ్ బాగాలేదని ఎవరూ అనలేదుగా. ఖోపోలీలో ఇమాజికా ఇంకో రకం. 2013లో ముంబై పుణే మధ్య తెరిచారు, రైడ్లు నిజంగా బాగుంటాయి, నేను వెళ్ళి నోరెళ్ళబెట్టి చూశా. కానీ అప్పు వెయ్యి కోట్లు దాటింది, అనుకున్నంత మంది రాలేదు, వచ్చినవాళ్ళ డబ్బు వడ్డీకే చాల్లేదు, చివరికి 2022లో మల్పానీ గ్రూప్ తీసుకుంది. చేతులు మారాక ఇప్పుడు బాగానే నడుస్తోంది. రైడ్లు అవే, ఊరు అదే, మారింది అప్పు.

దీనికి ఎదురుగా వండర్లా పెట్టి చూడు. వి-గార్డ్ స్టెబిలైజర్ల కొచ్చౌసెఫ్ చిట్టిలప్పిళ్ళి 2000లో కొచ్చిలో వీగాలాండ్ అని మొదలుపెట్టాడు, 2005లో బెంగళూరు, 2016 ఏప్రిల్‌లో మన రావిర్యాల, 2024లో భువనేశ్వర్, 2025 డిసెంబర్‌లో చెన్నై. పాతికేళ్ళలో ఐదు పార్కులు అంతే. చాలా రైడ్లు వాళ్ళ వర్క్‌షాప్‌లోనే చేసుకుంటారు, బయట కొనాల్సినవే కొంటారు. చెన్నై స్థలం కొని ఏళ్ళ తరబడి ఊరికే ఉంచారు, తమిళనాడులో వినోదపు పన్ను సంగతి తేలేదాకా ఇటుక పెట్టలేదు. తొందరపడేవాడికి ఈ బిజినెస్ కాదు.

వాళ్ళ లెక్కల్లోనే నీ ప్రశ్నకి జవాబుంది. కోవిడ్‌లో అన్ని పార్కులూ 2020 మార్చ్‌లో మూతపడ్డాయి, మళ్ళీ తెరిస్తే రెండో వేవ్‌కి మళ్ళీ మూత, అప్పుడు మా వాళ్ళల్లో సగం మంది క్యాబ్‌లు నడుపుకున్నారు, ఇక అయిపోయిందనే అనుకున్నాం. తీరా 2022-23లో వండర్లాకి మూడు పార్కులు కలిపి 33 లక్షల మంది వచ్చారు, అప్పటిదాకా ఎప్పుడూ రానంత. ఆ తర్వాత రెండేళ్ళు తలల లెక్క కొంచెం తగ్గింది, కానీ తలకి వచ్చే డబ్బు పెరిగింది. అందులోనూ నాలుగో వంతు టికెట్ డబ్బు కాదు, తిండి, కాస్ట్యూమ్, లాకర్, ఫోటో, ఇలాంటివి. ఇదే మార్పు అంటే. ఎక్కువ మందిని తక్కువకి రానివ్వడం పోయి తక్కువ మంది దగ్గర ఎక్కువ తీసుకోవడం వచ్చింది. నాకు నచ్చిందా అంటే నచ్చలేదు, నేను చూసిన మొదటి జెయింట్ వీల్ టికెట్ మూడు రూపాయలు. కానీ ఎందుకొచ్చిందో తెలుసు, అది చెప్తా.

సీట్ల లెక్క అని ఒకటుంది, బయటివాళ్ళెవరూ ఆలోచించరు. మా పార్కులో పెద్ద రైడ్ ఒకటి, 24 సీట్లు. రెండు నిమిషాలకో ట్రిప్పు, గంటకి 720 మంది అని కేటలాగ్‌లో రాసుంటుంది. కేటలాగ్ రాసినవాడు మన జనాన్ని చూడలేదు. ఒకాయన చొక్కా జేబులో ఫోన్, ఒకావిడ చున్నీ, ఒక పిల్లాడు నాన్న పక్కనే కూర్చుంటానని ఏడుపు, ఒకడు లాప్ బార్ (ఒళ్ళో పడి పట్టి ఉంచే కడ్డీ) పడ్డాక దిగిపోతానంటాడు, మళ్ళీ అన్నీ లేపాలి. నాలుగు నిమిషాలు పడుతుంది ట్రిప్పుకి. అంటే గంటకి 360. ఇలాంటి రైడ్లు పది ఉన్నాయనుకో, గంటకి సగటున 350 చొప్పున, పదకొండు నుంచి ఆరు దాకా ఏడు గంటలు, మొత్తం 24,500 సీట్లు. ఆ రోజు 3,500 మంది వస్తే తలకి ఏడు రైడ్లు, హ్యాపీగా ఇంటికెళ్తారు. సంక్రాంతి సెలవుల్లో 7,000 మంది వస్తే మూడున్నర. ఆ రోజు కౌంటర్‌లో డబ్బు లెక్కపెట్టలేక చస్తారు, ఓనర్ ముఖం వెలిగిపోతుంది, కానీ అదే రోజు సాయంత్రం గేటు దగ్గర నిలబడితే తెలుస్తుంది అసలు సంగతి. నల్గొండ నుంచి తెల్లారుజామున బయల్దేరొచ్చిన ఒకావిడ నన్ను పట్టుకుని "బాబూ మూడే ఎక్కినం, రెండిట్ల పిల్లగాడు ఎత్తు సాల్లేదన్నరు, గిదేం పార్కు" అంది. ఏం చెప్తాం. ఆ కుటుంబం మళ్ళీ రాదు, వాళ్ళ వీధిలో ఇంకో పది కుటుంబాలు రావు.

సీట్లు పెంచాలంటే కొత్త రైడ్ కొనాలి, అది కోట్లు. అందుకే రేటు పెంచి తల లెక్క తగ్గించుకుంటారు, లేదా ఫాస్ట్‌ట్రాక్ అని రెట్టింపు డబ్బుకి క్యూ దాటేసే టికెట్ అమ్ముతారు. డిస్నీలో ఈ క్యూ దాటే పాస్ 1999 నుంచి ఫ్రీగా ఇచ్చేవాళ్ళు, 2021లో డబ్బులకి మార్చేశారు. ఆన్‌లైన్‌లో వీకెండ్ ఒక రేటు, మంగళవారం ఒక రేటు పెట్టేదీ ఇందుకే. జనం దోపిడీ అంటారు, కొంతవరకు దోపిడీయే, కానీ ఆదివారం వచ్చే నలుగుర్లో ఒకణ్ణి బుధవారానికి జరపగలిగితే పార్కు బతుకుతుంది. బుధవారమూ కరెంటు బిల్లు అంతే వస్తుంది మరి. వారం మధ్యలో స్కూల్ పిక్నిక్ బస్సులు, ఆఫీసు టీం అవుటింగులు లేకపోతే చాలా పార్కులు జీతాలివ్వలేవు, అందుకే దసరా అయిపోగానే మార్కెటింగ్ కుర్రాళ్ళు బైకులేసుకుని కరీంనగర్, ఖమ్మం స్కూళ్ళ చుట్టూ తిరుగుతుంటారు.

ఇంకొకటి, రైడ్ కొనడం కాదు, నిలబెట్టుకోవడం. ఉదయం ఏడింటికి మా పని మొదలు. ముందు ట్రాక్ వెంట నడక, బోల్టుల మీద గీసిన పెయింట్ గీత పక్కకి జరిగిందా చూడ్డం, జరిగితే బోల్టు తిరిగినట్టు. రోలర్ కోస్టర్ బండికి చక్రాలు పైనే కాదు, పక్కన, కింద కూడా ఉంటాయి, కిందవి లేకపోతే బండి పట్టాల మీంచి లేచిపోతుంది, వాటి మీద పాలీయూరెథేన్ అనే రబ్బరులాంటి ప్లాస్టిక్ పూత ఎక్కడైనా లేచిందా అని చేత్తో తడిమి చూడాలి. తర్వాత ఖాళీగా మూడు ట్రిప్పులు, ఇసుక బస్తాలు కట్టి రెండు ట్రిప్పులు, ఆ తర్వాత మా స్టాఫ్ ఎక్కాలి, ఆ తర్వాతే గేటు. ఏడాదికోసారి విప్పి వెల్డింగులకి డై టెస్ట్ చేస్తాం. ఎర్ర రంగు స్ప్రే కొట్టి, కాసేపు ఆగి, శుభ్రంగా తుడిచేసి, పైన తెల్ల పొడి స్ప్రే కొడితే, పగులు ఉంటే దాని లోపల దాగిన ఎరుపు వెంట్రుకంత గీతలా తెలుపు మీదకి తేలుతుంది. కంటికి కనపడని పగులు అది.

ఒక ఏడాది మే మొదటి వారంలో అలా తేలింది, ఒక రైడ్ చేయి మీద, బొటనవేలంత పొడుగు. నిజానికి ఆ టెస్ట్ ఫిబ్రవరిలో అవ్వాలి, డబ్బు లేదని జరుపుకుంటూ వచ్చారు. ఓనర్ వచ్చి చూసి "జూన్ దాకా లాగలేమా" అన్నాడు. నేను ఆ రైడ్ కీ తీసి జేబులో వేసుకున్నా. ఆ విడిభాగం ఇటలీ నుంచి రావడానికి నాలుగు నెలలు, సీజనంతా ఆ రైడ్ ముందు "మెయింటెనెన్స్" బోర్డు, వచ్చినవాళ్ళ తిట్లు. ఆ సీజన్ తర్వాత ఆ పార్కు కోలుకోలేదు. కొన్నేళ్ళకి పన్నెండెకరాలూ విల్లాలకి ఇచ్చేశారు, వేవ్ పూల్ ఉన్న చోట ఇప్పుడు వాళ్ళ క్లబ్ హౌస్. ఓనర్‌ని నేను తప్పుపట్టను, పదేళ్ళు పార్కు నడిపి సంపాదించిన దానికన్నా రింగ్ రోడ్డు వచ్చాక ఊరికే నిలబడ్డ నేల ఎక్కువ సంపాదించి పెట్టింది.

చూశావా, అప్పూ ఘర్, మేరీల్యాండ్, మా పార్కు, మూడింట్లోనూ నేలే. ఊరి బయట చవగ్గా దొరుకుతుందని పార్కు పెడతారు, పార్కు వల్ల రోడ్డు, బస్సు, హోటళ్ళు వస్తాయి, ఊరు అక్కడికి వస్తుంది, ఇక అంత ఖరీదైన చోట రాట్నం తిప్పడం దండగనిపిస్తుంది. పన్నులు కూడా ఓ దెబ్బ కొట్టాయి, 2017 జూలైలో జీఎస్టీ 28 శాతం పెట్టారు, కాసినోతో సమానంగా, మొత్తుకుంటే 2018 జనవరిలో 18కి తగ్గించారు. అది తట్టుకున్నవాళ్ళు పెద్దవాళ్ళే.

మాల్స్‌లో ట్రాంపోలిన్లు, గేమ్ జోన్లు వేరే జాతి. నేల అద్దె, ఏసీ, వానొచ్చినా ఎండొచ్చినా ఒకటే, కార్డు రీఛార్జ్ చేసి రెండు గంటలు ఆడించి పిజ్జా తినిపించి ఇంటికి. నెలకి రెండుసార్లు వస్తారు. పార్కుకి ఏడాదికోసారి వస్తే గొప్ప. కాకపోతే 2024 మేలో రాజ్‌కోట్ గేమ్ జోన్ మంటల్లో 27 మంది పోయారు, అందులో పిల్లలూ ఉన్నారు. రేకుల షెడ్డులో ఇలాంటివి పెట్టేవాళ్ళు ఎవరైనా నీకు పార్ట్‌నర్‌షిప్ అంటే మాత్రం దండం పెట్టి వచ్చెయ్.

తిరనాళ్ళ రాట్నం చచ్చిపోలేదు, అదీ చెప్పాలి. నుమాయిష్‌కి జనవరి ఒకటి నుంచి ఫిబ్రవరి 15 దాకా ఇప్పటికీ జనం విరగబడతారు, 1938 నుంచీ నడుస్తోంది అది. నేల సొంతం కాదు, సీజన్ అవ్వగానే లారీకెత్తుకుని ఇంకో జాతరకి. ఖర్చు లేనివాడికి చావు లేదు.

ఇప్పుడు మీ మావయ్య ఆరెకరాలు. వాటర్ పార్క్‌కి పంట ఏప్రిల్, మే. మిగతా పది నెలలు ఆ రెండు నెలల తిండి తినాలి. అదే సమయానికి మన దగ్గర నీళ్ళుండవు. వెయ్యి చదరపు మీటర్ల వేవ్ పూల్, సగటున మీటరు లోతు అనుకో, పది లక్షల లీటర్లు. పదివేల లీటర్ల ట్యాంకర్లు వంద. అది ఒకసారి నింపడానికే, తర్వాత ఎండకి ఆవిరయ్యేది, ఫిల్టర్లు వెనక్కి కడిగినప్పుడు పారేసేది, జనం ఒంటికి అంటుకుని పోయేది రోజూ నింపుతూనే ఉండాలి. క్లోరిన్ లీటరుకి ఒకటి నుంచి మూడు మిల్లీగ్రాములు ఉండాలి, మే ఎండకి అది మధ్యాహ్నానికే సగం ఎగిరిపోతుంది, గంటగంటకీ చూసేవాడు ఉండాలి. (పూల్‌లో కళ్ళు మండితే క్లోరిన్ ఎక్కువేశారంటారు, కాదు, చెమట, ఉచ్చ క్లోరిన్‌తో కలిస్తే వచ్చే మంట అది, అంటే నిజానికి క్లోరిన్ చాల్లేదన్నమాట. ఇది తెలిశాక నేను మా సొంత పిల్లల్ని ఆదివారం సాయంత్రం పూల్‌లోకి దింపలేదు.) పైగా షాద్‌నగర్ నుంచి రావిర్యాల వండర్లా ఎంత దూరం? కారులో గంట. జనం నాలుగు డబ్బులు మిగులుతాయని నీ దగ్గరికి వస్తారా, ఇంకొంచెం వేసుకుని అక్కడికి పోతారా, మీ ఇంట్లో పిల్లల్నే అడుగు.

మరి అసలేం పెట్టొద్దా అంటే అలా అనను. నేను చూసిన చిన్నవాటిల్లో నిలబడ్డవి పార్కు అని బోర్డు పెట్టుకోనివి. ఒక పూల్, రెండు స్లైడ్లు, మామిడి చెట్లు, నాటుకోడి భోజనం, ముప్పై మంది పడుకునే గదులు, పుట్టినరోజులకీ ఆఫీసు గ్రూపులకీ ముందే బుక్ చేసుకున్నవాళ్ళకే గేటు. రైడ్ లేదు కాబట్టి ఇటలీ లేదు. నేల మావయ్య పేరునే ఉంచాలి, బ్యాంకులో తాకట్టు పెట్టకూడదు, రేపు వద్దనుకుంటే కోళ్ళ ఫారం అయినా పెట్టుకునేలా ఉండాలి. నీ 30 లక్షల్లో పదే పెట్టు, అదీ మొదటి ఏడాది కరెంటు బిల్లులు కళ్ళతో చూశాక.

అన్నిటికన్నా ముందు ఒక పని చెప్పు మావయ్యకి. ఏప్రిల్ ఆఖరి వారంలో ఆ బోరు వరసగా ఎన్ని గంటలు పోస్తుందో, మళ్ళీ ఊరడానికి ఎంత టైం తీసుకుంటుందో మూడు రోజులు రాసి పెట్టమను, నీళ్ళ టెస్ట్ రిపోర్ట్ ఒకటి తీయమను. ఆ కాగితం ఫోటో తీసి ఇక్కడ పెట్టు, స్లైడ్ ఎన్ని అడుగులు ఎత్తు పెట్టాలో అప్పుడు మాట్లాడుకుందాం.